పాత ఫ్రిజ్ శ్రుతి

గిన్నెలు తోమేటప్పుడు తప్ప ఆమెకు గొంతు విప్పే వీలుండేది కాదు. కుళాయి చప్పుడులో పాట అత్తగారి గదిదాకా వెళ్లదు. వంటింటి మూలన పాత ఫ్రిజ్ ఎప్పుడూ మూలుగుతుండేది. ఆ మూలుగునే శ్రుతిగా పట్టుకుని, మాడిన గిన్నె మీద పీచుతో దరువు వేసుకుంటూ మాటలు అల్లేది. బాగుందనిపిస్తే తడిచేత్తోనే ఫోన్‌లో రికార్డు చేసి భర్తకు వినిపించేది. అతనికి స్నేహితులతో ఒక బ్యాండ్ ఉంది, అందులో గిటార్ అతనిదే. "ఆడగొంతైతే జనం ఆగి వింటారు" అని ఆమెను మైకు ముందు నిలబెట్టాడు.

మొదటి పాటే ఊళ్లు దాటింది. 'తలుపు మీది, గడియ మీది, తట్టే చెయ్యి నాది' అని అమ్మాయిలు బస్సుల్లో, కాలేజీ మెట్ల మీద సొంత మాటల్లా పాడుకున్నారు. పెద్ద పెద్ద హాళ్లు నిండాయి. పాడి ఇంటికొస్తే సింకులో గిన్నెలు అలాగే ఉండేవి. "నీకు చప్పట్లతో కడుపు నిండిందేమో, మాకింకా ఆకలి ఉందమ్మా" అనేది అత్తగారు.

పోస్టరు మీద మాటలకూ బాణీకీ భర్త పేరే వేశారు. అడిగితే నవ్వాడు. "మొగుడూ పెళ్లాల మధ్య నీది నాది ఏంటే? పాడేది నువ్వేగా, ఇంకేం కావాలి?" నిజమే, ఆ ఇంట్లో అన్నీ మనవే. గిన్నెలు మాత్రం తనవి.

టీవీలో ఈ బాణీ ఎక్కడ పుట్టిందని అడిగినావిడ ఆమెవైపే చూసింది. జవాబు భర్త చెప్పాడు. "కొండ మీదండీ. సూర్యుడు దిగుతున్నాడు, ఒళ్లో గిటార్ ఉంది. అలా వచ్చేసింది." బల్బు మార్చడానికి స్టూలెక్కితే కళ్లు తిరిగే మనిషి. పక్కన కూర్చుని ఆమె తలూపింది. అలా ఊపినందుకు చాలా రోజులు తన మెడ తనకే పరాయిదనిపించింది.

కొత్త ఇంటికి మారారు. "దాని రొద ఇక భరించలేం" అని భర్త పాత ఫ్రిజ్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. కొత్తది ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా చేయదు. కుళాయి తిప్పి ఆమె నోరు తెరిస్తే పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆడియో కంపెనీవాళ్లు కొత్త పాట కోసం తొందర పెడుతున్నారు.

"ఏమైందే నీకు? ఒక్క ముక్కైనా రావట్లేదా?" భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే, పెనం మీద పీచు లాగుతుంటే, ఏ మూలుగు సాయమూ లేకుండా ఒక చరణం పూర్తిగా వచ్చి ఆమె లోపల నిలబడింది. ఆమె పెదవులు బిగించింది. చేతులు తుడుచుకుని అతనివైపు తిరిగింది.

"మీరోసారి ఆ కొండెక్కి రండి."