ప్యానెల్ వెనక అరచెయ్యి

సిరిసిల్ల బైపాస్ మీద గోవర్ధన్ దుకాణంలో ఊడ్చే పనికి చేరినప్పుడు, చెయ్యి పెట్టే పని కూడా ఉంటుందని సత్యవ్వకు ఎవరూ చెప్పలేదు.

గోవర్ధన్ షెడ్లకూ గోదాములకూ గోడలుగా నిలబెట్టే ప్యానెళ్లు అమ్ముతాడు. అటూ ఇటూ రేకు, మధ్యలో నాలుగు వేళ్ల మందాన రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన పీచు. దానిలోంచి వేడి రాదు, దానికి నిప్పు అంటుకోదు. కొనేవాళ్లు ఊరికే నమ్మరు కనుక, ఒక ముక్కను స్టాండులో నిలబెట్టి, ముందువైపు గ్యాసు మంట పెట్టి, వెనకవైపు తన అరచెయ్యి ఆనించి చూపించేవాడు. ఒకరోజు తనకు తీరిక లేక సత్యవ్వను నిలబెట్టాడు. నడివయసు ఆడమనిషి మంట వెనక నింపాదిగా నిలబడటం చూసి, వచ్చినాయన ఆ పూటే ఆర్డరిచ్చాడు. అప్పటి నుంచి అది ఆమె పనే అయింది. ట్రాలీ ఆటోలో స్టాండుతో పాటు ఆమెనూ కోరుట్ల రైసుమిల్లులకూ, జగిత్యాల కోల్డు స్టోరేజీలకూ తీసుకుపోయేవాడు.

"ఎట్లున్నదవ్వా?" అని అడిగేవాడు అందరికీ వినబడేటట్టు.

"సల్లగున్నది సారూ" అనేది. అది నిజమే. నలుగురు మగవాళ్లు తన మాట కోసం చూడటం ఆమెకు బాగుండేది. చెయ్యి పెట్టే రోజు ఇస్త్రీ చీర కట్టుకునేది.

మహిపాల్ అనే సాంచాల సేటు, అంటే మరమగ్గాల యజమాని, కుట్టుమిషన్ల షెడ్డు వేస్తున్నాడు. నూటయాభై మంది ఆడవాళ్లు అందులో బట్టలు కుడతారు. ఆయన ధర దగ్గర మూడుసార్లు వెనక్కి పోయాడు. నాలుగోసారి వచ్చేసరికి స్టాండులో కొత్త ముక్క ఉంది. దాని అంచుల చుట్టూ వెండిరంగు టేపు చుట్టి ఉంది. దుకాణంలో గోవర్ధన్ గుప్పెడు అగరొత్తులు వెలిగించాడు. ఆ రోజు పండగేమీ కాదు.

మంట పెట్టిన రెండో నిమిషానికి రేకు గోరువెచ్చనైంది. మూడో నిమిషానికి సత్యవ్వ గోవర్ధన్ వైపు చూసింది. ఆయన కూడా ఆమెనే చూస్తున్నాడు.

"ఎట్లున్నదవ్వా?"

చెయ్యి తీస్తే పని పోతుందని ఆమెకు తెలుసు. అంతకన్నా, ఇన్ని ఊళ్లలో అన్న మాట తప్ప ఆ క్షణాన ఆమెకు వేరే మాట దొరకలేదు.

"సల్లగున్నది సారూ."

"ఇంకొంచెంసేపు పెట్టనియ్యి" అన్నాడు మహిపాల్. అని, గోడకు ఏ రంగు బాగుంటుందో అడగసాగాడు. నీలం రంగు దుమ్మును కనబడనియ్యదని గోవర్ధన్ చెప్పాడు. సత్యవ్వ పళ్లు బిగించి గుమ్మంలో ఆగి ఉన్న బండి నంబరు చదువుతూ నిలబడింది. మంట ఆపాక చెయ్యి లాగితే తోలు కొంత రేకుకే ఉండిపోయింది. కొంగు కింద దాచుకుని వెనక గదిలోకి పోయింది.

సేటును సాగనంపి గోవర్ధన్ లోపలికి వచ్చాడు. ఆలోపే ఆమె స్టాండు దగ్గరికి పోయి టేపు విప్పి చూసింది. లోపల రాక్‌వూల్ లేదు. థర్మాకోలు నల్లగా కరిగి కారింది. అగరొత్తులు ఆ కమురు వాసన తెలియకుండానే.

"పది రోజులు ఇంటికాడ ఉండు. గీ ముచ్చట బయటికి పోవద్దు" అన్నాడు.

ఇంకో పది రోజులు ఎక్కువే పట్టింది. పుండు మానింది కానీ వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. దుకాణానికి పోతే గోవర్ధన్ లోపలికి రానివ్వలేదు.

"గా చెయ్యి చూస్తే నా ప్యానెళ్లు ఎవలు కొంటరవ్వా?"

బీడీలు చుడదామంటే ఆ వేళ్ల మధ్య ఆకు నిలవలేదు. రెండు రోజులు ఆలోచించి మహిపాల్ షెడ్డుకు పోయింది. గోడలు సగం లేచాయి. ఆమె జరిగిందంతా చెప్పింది.

"తప్పు నాది కూడ ఉన్నది సేటూ. సల్లగున్నదని అన్న. లోపట థర్మాకోలు ఉన్నది. అగ్గి అంటుకుంటే ఆడోళ్లు ఎటు పోతరు?"

మహిపాల్ ఆమె అరచేతిని దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. "రేపు నాతోటి రా" అన్నాడు. ఆ రోజు ఆమె కడుపునిండా తిన్నది.

మర్నాడు మహిపాల్ ఆమెను గోవర్ధన్ బల్ల ముందు నిలబెట్టి, "చెయ్యి తెరువు" అన్నాడు. ఆమె తెరవగలిగినంత తెరిచింది.

"దీన్ని సూడు గోవర్ధన్. ఇగ చెప్పు, ధర ఎంత?"

ఇద్దరూ చాయ్ తెప్పించుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఒకసారి ఆమె చెయ్యి దించితే మహిపాల్ మళ్లీ ఎత్తమన్నాడు. ధర మూడో వంతు దిగింది. లేస్తూ ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

బండి ఎక్కేముందు సత్యవ్వ అడిగింది. "మరి గోడలు మారుస్తవా సేటూ?"

"లేపిన గోడలు ఎందుకు పీకుత?" అన్నాడు. బండి ఎక్కుతూ, "నీకు మిషన్ల కాడ పనిస్త. దారాలు కత్తిరించుడే. ఒక్క చేత్తోటి చెయ్యచ్చు" అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. ఇంకెవరూ పని ఇవ్వలేదు.

షెడ్డు ఎండాకాలంలో మొదలైంది. లోపల చల్లగా ఉందని ఆడవాళ్లు సంబరపడ్డారు. మొదటి రోజే సత్యవ్వ గోడల సంగతి వాళ్లకు చెప్పింది. కుట్టు ఆపి విన్నారు, నీలంగోడ వైపు చూశారు. "రేకుల షెడ్డుల ఉడికి సచ్చుడు కన్న నయమే కదా" అంది మాధవి అనే ఆవిడ, మళ్లీ మిషను తొక్కుతూ. వెనక తలుపుకు తాళం ఎందుకని సత్యవ్వ మేస్త్రీని అడిగితే, బట్టలు పోతున్నాయని అన్నాడు.

ముందు తలుపు పక్కన కూర్చుంటానని ఆమె అడిగింది. ఆ చోటు కావాలని తన కన్నా ముందు పదకొండు మంది అడిగారని మేస్త్రీ చెప్పాడు.