బేడీల మీద పసుపు సున్నం

నేను ఒక జత బేడీలను. ఈ మాట వినగానే మీ చేతులు మీకు తెలియకుండానే కాస్త వెనక్కి వెళ్ళి ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కానిస్టేబుళ్ళు తప్ప నన్ను చూసి ముచ్చటపడ్డ మనిషి ఇంతవరకూ నాకు తారసపడలేదు.

నేను పుట్టింది ఉత్తరాదిలో, తాళాలు చేసే ఊళ్ళో. నాతోపాటు కరిగిన ఇనుములో కొంత బీరువా తాళాలైంది, కొంత దుకాణాల తాళాలైంది. "అవి వస్తువుల్ని కాపాడతాయి, నువ్వు మనుషుల్ని కాపాడతావు" అని మా మేస్త్రీ నన్ను రుద్దుతూ అనేవాడు. ఎవరి నుంచి ఎవర్ని కాపాడాలో మాత్రం చెప్పలేదు. గోనెసంచిలో రైలెక్కి, లారీ ఎక్కి, ఉత్తరాంధ్ర సముద్రం ఒడ్డున ఉన్న నీలంపేట పోలీసు స్టేషను చేరాను. అక్కడ గోడకున్న ఒక మేకు నాకు ఇల్లయింది.

కోళ్ళ దొంగలు, సారా కాచేవాళ్ళు, సంతలో తాగి కొట్టుకున్నవాళ్ళు, ఇలాంటివాళ్ళ చేతులే నాకు తెలుసు. పెద్దవాళ్ళ మణికట్టు లావుగా ఉంటుందో సన్నగా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను. వాళ్ళు స్టేషనుకి వచ్చినా కుర్చీలో కూర్చుని టీ తాగి వెళ్ళేవారు.

మనిషిని కోర్టుకి తీసుకెళ్ళాలంటే ఆర్టీసీ బస్సే గతి. నా ఒక కడియం ముద్దాయి చేతికి, రెండోది కానిస్టేబుల్ చేతికి వేసి, పైన ఒక తువ్వాలు కప్పేవారు. అది రూల్సులో లేదు. నలుగురిలో పరువు పోతుందని పెట్టుకున్న ఆచారం. పరువు ముద్దాయిదా, కానిస్టేబుల్‌దా అంటే ఇద్దరిదీననే చెప్పాలి. ఒకసారి మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ జోగారావునే ముద్దాయి అనుకుని, పక్క సీట్లో ముసలమ్మ తువ్వాలు అంచు ఎత్తి చూసి, "నువ్వేటి సేసినావు బాబూ?" అని జాలిగా అడిగింది. "ఉద్దోగం సేసినాను మామ్మా" అన్నాడు జోగారావు. బస్సంతా నవ్వింది.

ఇలా ఉండగా ఢిల్లీలో పెద్దకోర్టు ఒక తీర్పు చెప్పిందట. మనిషికి ఊరికే బేడీలు వెయ్యకూడదనీ, పారిపోతాడనడానికి గట్టి కారణం ఉంటే అది రాసి, మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని మాత్రమే వెయ్యాలనీ. ఆ సర్క్యులర్ స్టేషనుకి వస్తే రైటరు గట్టిగా చదివాడు. అందరూ శ్రద్ధగా విని, దాన్ని నా మేకు పక్కనే గోడకి అంటించారు. నన్ను తియ్యడానికి చెయ్యి చాపినప్పుడల్లా వాళ్ళ మోచెయ్యి ఆ కాగితానికి రాసుకునేది. కొన్నాళ్ళకి అది చిరిగి ఊడిపోయింది. నేను మాత్రం మేకు మీదే ఉన్నాను.

అప్పుడే సముద్రం ఒడ్డున ఏదో ప్రాజెక్టు కడతారని ప్రభుత్వం పల్లెల్ని ఖాళీ చెయ్యమంది. నోటీసు లేదు, విచారణ లేదు, వారంలో వెళ్ళిపోవాలి. పైగా నలుగురు ఒకచోట గుమికూడితే నేరమని కలెక్టరు ఆర్డరు. కిల్లి తవిటినాయుడు అనే రిటైర్డు హవల్దారు వలలు ఆరేసే పాకలో జనాన్ని కూర్చోబెట్టి, "నోటీసు ఇవ్వకండా ఇల్లు ఒగ్గీమనే హక్కు ఎవలికీ లేదు, బెదిరిపోకండి" అని చెప్పాడు. ఆ సాయంత్రమే జీపు వచ్చింది. "ఒకసారి స్టేషనుకి రండి, మాట్లాడి పంపించేస్తాం" అన్నారు ఎస్సైగారు. హవల్దారు చొక్కా వేసుకుని మర్యాదగా జీపెక్కాడు.

ఆయన్ని లాకప్పులో పెట్టలేదు. లాకప్పులో పెడితే పేరు రాయాలి. పేరు రాస్తే ఒక రోజు తిరక్కముందే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అందుకని స్టేషను వెనక పాడుబడిన క్వార్టరులో కిటికీ ఊచకి నాతో కట్టేశారు. ఏం చెయ్యాలో పైనుంచి చెబుతారని ఎస్సైగారు అన్నారు. ఆ రోజుల్లో పైనుంచి వచ్చే మాటలతో కొందరు మనుషులు ఇంటికి వెళ్ళారు, కొందరు మర్నాటి పేపర్లో శవాలయ్యారు. హవల్దారుకి ఆ సంగతి తెలుసు, జోగారావుకీ తెలుసు.

కాసేపటికి స్టేషను గుమ్మంలో ఆడమనిషి గొంతు వినబడింది. ఆయన భార్య అప్పలకొండ. "మా ఇంటాయన్ని జీపులో తెచ్చినారంట గదా బాబూ, ఒక్కపాలి సూపించండి" అంటోంది. గుమ్మంలో డ్యూటీ జోగారావుది. "ఇక్కడెవలూ లేరమ్మా, ఎల్లిపో" అన్నాడు. చెప్పమన్న మాటే చెప్పాడు.

హవల్దారు ఆమె పేరు పెట్టి అరుస్తూ కిటికీ మీదకి దూకాడు. అదే క్షణంలో ఎవరో జీపు స్టార్టు చేసి ఇంజను రేజు చేశారు. ఆ మోతలో ఆయన అరుపు ఎటు పోయిందో. మళ్ళీ మళ్ళీ లాగాడు. నేను ఇనుమును. ఎంత లాగితే అంత లోపలికి దిగాను. మణికట్టు చుట్టూ చర్మం ఊడి వచ్చింది. ఆ దెబ్బ నేను వేసిందే, ఇందులో దాచడానికేమీ లేదు.

మర్నాడు మంగళవారం, నీలంపేట సంత. జోగారావు సంతలో పసుపు కొమ్ములు కొని, నూరించి, కొబ్బరినూనెలో కలిపి తెచ్చి ఆ పుండుకి రాశాడు. ఆ తర్వాత రోజూ రాశాడు. మనిషి మంచివాడు. భార్యని వెనక్కి పంపినవాడూ ఆయనే, మందు రాసినవాడూ ఆయనే. ఆ రెండింటికీ పొత్తు కుదరదన్న సంగతి ఆయనకి తోచినట్టు లేదు.

పసుపు రాయించుకుంటూ హవల్దారు ఒకసారి అడిగాడు. "బాబూ, నా పేరు ఎక్కడైనా రాసినారా?"

జోగారావు పసుపు రాస్తూనే ఉన్నాడు.

"డెబ్బయ్యొకటి యుద్ధంలో పట్టుబడిన శత్రువుల కేంపుకి నేను కాపలా కాసినాను. మా మీద తుపాకీ పేల్చినోళ్ళే. అయినా సరే, పట్టుకోగానే పేరు రాయాల, నెంబరు రాయాల, బతికున్నాడని ఆడి ఇంటికి కార్డు ఎల్లాల. యుద్ధానికీ చట్టం ఉంది బాబూ. రాయకపోతే మా ఆఫీసరు మమ్మల్ని తోలు ఒలిచీసీవోడు." పసుపు ఆరుతున్న మణికట్టుకేసి చూసుకుని, "శత్రువు పెళ్ళానికి కార్డు ఎల్లింది. నా పెళ్ళానికి ఎల్లలేదు" అన్నాడు.

"నానేటి సెయ్యగలను హవల్దారుగారూ, పిల్లలున్నోణ్ణి" అని జోగారావు గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు.

పైనుంచి మాట ఇంకా రాకముందే, మాజీ సైనికుల సంఘంవాళ్ళు పతకాలు తగిలించుకుని ఎస్పీ ఆఫీసు ముందు కూర్చున్నారు. దాంతో ఎస్సైగారికి ఇక మనిషిని చూపించక తప్పలేదు. చూపించాలంటే ఒక కథ కావాలి. శుక్రవారం సాయంత్రం బస్టాండులో నాటుబాంబుల సంచితో దొరికాడని రాశారు. ఆ కేసు నిలబడితే హవల్దారు ముసలితనమంతా జైల్లోనే గడిచిపోతుంది.

శనివారం పొద్దున్న ప్రయాణానికి ముందు జోగారావు చూస్తే మణికట్టు వాచి ఉంది. వాపుకి మన ఇళ్ళల్లో చేసేదే ఆయనా చేశాడు. మిగిలిన పసుపులో తమలపాకు సున్నం కలిపి, వెచ్చచేసి, దట్టంగా పట్టు వేశాడు. అది ఆరకముందే ఎస్సైగారు కేకేశారు. జోగారావు తడిపట్టు మీదే నా కడియం బిగించి, రెండోది తన చేతికి వేసుకుని, తువ్వాలు కప్పి బస్సెక్కించాడు. కోర్టు గేటు దగ్గర నన్ను విప్పెయ్యాలని, లోపల నేను కనబడకూడదని ఎస్సైగారి ఆజ్ఞ.

ఎండకి సున్నం గట్టిపడింది. తాళంచెవి దూరే కన్నంలో గచ్చులా పట్టేసింది. గేటు దగ్గర జోగారావు తాళంచెవి పెట్టి తిప్పితే కదల్లేదు. బలంగా తిప్పితే చెవి విరిగి సగం లోపలే ఉండిపోయింది. నేను కావాలని చేశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అది అబద్ధం. ఇనుముకి అంత ధైర్యం లేదు. ఈలోగా బంట్రోతు కేసు పిలిచాడు. తువ్వాలు అలాగే కప్పుకుని ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

మేజిస్ట్రేటు ఒకావిడ. తలెత్తి చూసి, "ఆ తువ్వాలు తియ్యండి" అన్నారు.

తీశాడు. పసుపూ సున్నం కలిస్తే ఏ రంగు వస్తుందో మీకు తెలుసు. ముద్దాయి చెయ్యీ, నేనూ, జోగారావు వేళ్ళూ, అన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఏమిటా రక్తం? కొట్టారా ఇతన్ని?" ఆవిడ గొంతు పెరిగింది.

జోగారావు కంగారుపడ్డాడు. పోలీసుల మీద నింద వస్తోంది, తుడిచెయ్యాలి అన్నదొక్కటే ఆయన బుర్రలో ఉంది. "అయ్యయ్యో, రక్తం కాదమ్మగారూ! పసుపు సున్నం. మేం ఏలేసి కూడా ముట్టుకోలేదు. బాగానే సూసుకున్నాం. సంతలో కొత్త పసుపు కొని, ఏ పూటకాపూట నేనే రాస్తన్నాను."

మేజిస్ట్రేటుగారు కలం కింద పెట్టారు. "ఏ సంత?"

"నీలంపేట సంతండి."

అది మంగళవారం సంత. ఆ తాలూకాలో పిల్లలకి కూడా తెలుసు. సంతనాడు సాక్షులు రారని కోర్టువాళ్ళే వాయిదాలు వెయ్యరు. వెనక వరసలో ప్లీడర్లు మాట్లాడుకోవడం ఆపేశారు.

"శుక్రవారం పట్టుకున్న మనిషికి మంగళవారం పసుపు ఎలా రాశారు? ఆలోచించుకుని చెప్పండి" అన్నారావిడ.

వెనక ఎస్సైగారు దగ్గారు. జోగారావుకి ఇంకా దారి ఉంది. పసుపు ఇంటికని కొన్నానండి, రాసింది ఇవాళేనండి అంటే చాలు. ఆయన నాడి నా కడియానికి గట్టిగా తగులుతోంది. పక్క కడియంలో హవల్దారు చెయ్యి కదలకుండా ఉంది. జోగారావు తన ఎర్రటి వేళ్ళకేసి చూసుకున్నాడు.

"సోమవారం తెచ్చినారమ్మా. అప్పటినుంచీ మా దగ్గరే ఉన్నాడు. ఆ బాంబులసంచి నేను సూడలేదు."

మేజిస్ట్రేటుగారు హవల్దారుని చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని అడిగారు. "ముందు నా పేరు రాయండమ్మా" అన్నాడాయన. ఆవిడ రాశారు. ఆయన్ని అక్కడికక్కడే విడిచిపెట్టమని, విచారణ జరపమని కూడా రాశారు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఎస్సైగారికి బదిలీ అయింది. ఉద్యోగుల తప్పులకి మనవాళ్ళు కనిపెట్టిన మందు అదొక్కటే. జబ్బు పోదు, ఊరు మారుతుంది. జోగారావు సస్పెండై చాలాకాలానికి మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. నన్ను సాక్ష్యంగా కోర్టు సామాన్ల గదిలో సారా డబ్బాల మధ్య పడేశారు. ఇప్పుడూ అక్కడే ఉన్నాను.

కానీ ఆ శనివారం కోర్టు వరండాలో జరిగింది ఒకటి మిగిలిపోయింది. సైకిలు షాపతను రంపంతో హవల్దారు చేతికున్న కడియం కోశాడు. అంతలో రంపం బ్లేడు విరిగింది. వేరేది తెస్తానని అతను వెళ్ళాడు. ఎస్సైగారి జీపు అప్పటికే వెళ్ళిపోయింది. విడుదలైన మనిషి చెయ్యి ఖాళీగా ఉంది, కానిస్టేబుల్ చేతికి నేనున్నాను. సంఘంవాళ్ళు తీసుకురాగా అప్పలకొండ మెట్లెక్కి వచ్చింది. భర్త ముఖం, భుజాలు, చేతులు తడిమి చూసుకుని గొల్లున ఏడ్చింది. ఏడుపు ఆగాక పక్కన ఉన్న మనిషిని గుర్తుపట్టింది.

"గుమ్మంకాడ లేడన్నది నువ్వే గదా?"

"నేనేనమ్మా" అన్నాడు జోగారావు.

"ఒగ్గీయే. ఈ బాబే నా సేతికి పసుపు రాసినాడు. కోర్టులో నిజం సెప్పింది ఈ బాబే" అన్నాడు తవిటినాయుడు.

ఆమె జోగారావు ఎర్రటి వేళ్ళకేసి చూసింది. కోపంగా కూడా అడగలేదు.

"పసుపు రాయడానికి మనసొచ్చింది గదా బాబూ. బతికున్నాడమ్మా అని నా సెవిలో ఒక్క మాట ఎయ్యడానికి రానేదేటి?"

జోగారావు తల వంచుకుని నాకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె భర్త చేతికి గాయం చేసింది నేను, ఆయన్ని అన్నిరోజులూ కట్టి ఉంచింది నేను. అయినా ఆమె నన్నేమీ అడగలేదు. మూసుకోమంటే మూసుకోవడం తప్ప ఇనుముకి వేరే తెలియదని ఆమెకి తెలుసు. జోగారావు మనిషి గనక ఆయన్ని అడిగింది.