వల్లి బయటికి ఎందుకు రాలేదు

"గంజి పలచనై పోయింది చూడు. పెట్టెలు ఊడిపోతాయి" అన్నది పాపాతి.

కోడలు పొన్నమ్మ లేచి ఇంకో గుప్పెడు పిండి కలిపి, గంజి మళ్లీ కాచి తెచ్చుకుని, పలచటి చెక్కరేకుల్ని మడిచి, నీలం కాగితం అంటించి అగ్గిపెట్టెలు చేయసాగింది. పెద్దకూతురు వల్లి చనిపోయి అప్పటికి మూడు నెలలు. ఏ అగ్గిపెట్టెల కంపెనీ షెడ్డులో పిల్ల కాలిపోయిందో, ఆ కంపెనీ రేకులే మళ్లీ ఇంటికి వచ్చాయి. కర్మ చేసిన మర్నాడే మోపు తెచ్చి గుమ్మంలో దించినవాడు మొగుడు నారాయణన్. అతను ఆ కంపెనీలో పనివాళ్ల మీద మేస్త్రీ. "చేతులు ఊరికే ఉంటే మనసు ఊరికే ఉండదు మే. పని చేసుకో" అన్నాడు. ఆ మాటలో జాలి కూడా ఉంది. అందుకే పొన్నమ్మ కాదనలేకపోయింది. ఏడవడానికి కూడా ఆ ఇంట్లో ఒక వేళ ఉండాలి. పొద్దున నీళ్లు, సంగటి, ఏడేళ్ల చిన్నకూతురు కోకిలకు జడ, అత్తకు వేణ్ణీళ్లు, మధ్యాహ్నం నుంచి పెట్టెలు. ఇన్నిట్లో ఏడుపుకి చోటు దొరికేది కాదు.

కానీ ఒక ప్రశ్న మాత్రం ఏ పనిలోనూ ఆమెను వదిలేది కాదు. వల్లి బయటికి ఎందుకు రాలేదు? షెడ్డుకు తలుపుంది. వల్లి కూర్చునే పీట ఆ తలుపుకు నాలుగడుగుల్లోనే. పన్నెండేళ్ల పిల్ల, మేక తప్పించుకుని ఉరికితే వెంటబడి చెవి పట్టుకుని లాక్కొచ్చే పిల్ల. పుల్లల మందు అంటుకుని మంట లేచినప్పుడు అందరికంటే ముందు బయటపడాల్సింది అదే. మొగుణ్ణి అడిగితే ఒకరోజు "పొగలో కండ్లు కనపడలా" అన్నాడు. ఇంకోరోజు "తొక్కులాటలో పడిపోయింది" అన్నాడు. మరోరోజు "దేవుడు పిలిచినాడు, వదిలెయ్యి" అన్నాడు. మూడు జవాబులూ విన్నది. ఏదీ ఇంకోదానితో కలవలేదని గమనించే ఓపిక కూడా ఆమెకు చాలా రోజులు లేకపోయింది.

అవి ఆంధ్ర రాష్ట్రం ఇవ్వబోతున్నారని ఊరంతా మాట్లాడుకుంటున్న రోజులు. తమ గుడియాత్తం ఎటు పోతుంది, చిత్తూరుతో చేరుతుందా, తమిళ దేశంలోనే ఉండిపోతుందా అని బజారులో మగవాళ్లు జట్లు జట్లుగా వాదించుకునేవాళ్లు. నారాయణన్ గొంతు వీధి చివరిదాకా వినబడేది. ఇంట్లో వల్లి పేరెత్తితే మాత్రం లేచి ఆ బజారుకే పోయేవాడు.

ఒకరోజు నీళ్లకు పోయిన దగ్గర తెలిసింది, కోమల ఇన్నాళ్లకు మాట్లాడుతోందని. కోమల వల్లి పక్క పీట మీద పనిచేసిన పిల్ల. చేతులు రెండూ కాలి వేలూరు పెద్దాసుపత్రిలో ఉంది.

"నేను వేలూరు పొయ్యొస్తా అత్తా."

"పొయ్యి ఏం చేస్తావు? పోయిన బిడ్డ తిరిగొస్తాదా? ఇంట్లో పనెవరు చేస్తారు?"

పొన్నమ్మ మర్నాడు చీకటితోనే లేచి రెండు పూటలకూ వండింది, తొట్టి నింపింది, కోకిలకు తల దువ్వింది, అత్తకు తాంబూలం దంచి పక్కన పెట్టింది. ఇక చెప్పడానికి పని మిగలకుండా చేసి మొదటి బస్సెక్కింది.

కోమల చేతులకు మోచేతులదాకా తెల్లటి కట్లు. తల్లి తాయమ్మ ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. పొన్నమ్మను చూడగానే పిల్ల ముఖం గోడవైపు తిప్పుకుంది. పొన్నమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది. గోడవైపు చూస్తూనే పిల్ల మాట్లాడింది.

"తలుపు తీసుంటే వచ్చేసుంటాము పెద్దమ్మా. బయట బీగమేసి ఉండె."

"బీగమా? పట్టపగలా?"

"దినామూ ఏస్తారు. ఆడోళ్లు ఒంటికని మాటిమాటికీ బయటికి పోతారంట. సంగటి టయానికే తీసేది."

"ఎవురు ఏసేది?"

కోమల తన తల్లి ముఖం చూసింది.

"పెదనాయన" అన్నది కోమల. "వల్లే ముందు తలుపు కాడికి పోయింది పెద్దమ్మా. 'మా నాయన బయటే ఉండాడు, తీస్తాడు, ఎవురూ ఏడవద్దండి' అనింది. నాయనా, నాయనా అని కొడతానే ఉండింది. నన్ను పైన పెంకులు పీకి లాగినారు. వల్లి తలుపు కాడే నిలబడిపోయింది."

పొన్నమ్మ గుడియాత్తం ఎలా తిరిగొచ్చిందో ఆమెకు గుర్తులేదు. పొద్దు వాలేవేళకు నారాయణన్ పని నుంచి వచ్చాడు. అలవాటు చేతులది కాబట్టి కాళ్లకు నీళ్లిచ్చింది, సంగటి పెట్టింది, పులుసు పోసింది. ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఆ పొద్దు బీగంచెవి యాడ పెట్టినావు?"

నారాయణన్ చేతిలో ముద్దను కంచంలో వదిలేశాడు. వసారాలో పాపాతి ఆకు నమలడం ఆపింది.

"నా మొలతాట్లోనే ఉండె" అన్నాడు. "టీకొట్టు కాడికి పోయినా. ఇట్ట పొయ్యి అట్ట వచ్చేద్దామనే పోయినా. మన ఊరు ఆంధ్రాలో కలుస్తాదా లేదా అని ఎవురో మాట తీసినారు. మాట్లాడతా నిలబడిపోయినా మే. పొగ చూసి ఉరికొచ్చినా. అప్పుటికే..."

తల పట్టుకుని ఏడ్చాడు. అతను ఏడవగా చూడటం ఆమెకు అదే మొదలు.

"నాకు యాల చెప్పలా?"

"చెప్తే ఏం చేసుంటావు?" అని పాపాతి లోపలికొచ్చింది. "వాడు కావాలని చేసినాడా? బీగమెయ్యమన్నది కంపెనీ నడిపే మొదలాళి. మొగోడు అట్ట ఏడస్తా ఉంటే ఇంకా పొడస్తావా? వాడు జైలుకు పోతే మన గతేంది? మొదలాళి మనల్ని చెయ్యొదల్లేదు. దీపావళి కాంగానే చిన్నదాన్ని కూడా తోలమన్నాడు, కొత్త షెడ్డుకి."

పొన్నమ్మ మొగుడి వైపు తిరిగింది. "బిడ్డ పోయిన మూడోనాడు నా చేత ఏలిముద్ర ఏయించినావే, ఆ కాయితంలో ఏముండాది?"

"తమిళంలో రాసినారు. నాకు మాత్రం చదవను వస్తాదా?"

అతని మీద ఆమెకు జాలి వేసింది. పద్నాలుగేళ్లుగా అతని కోపానికి భయపడి, అలసటకు కాళ్లు పట్టి, తాగొచ్చిన రోజు తల పట్టి కూర్చున్న మనిషికి జాలి పడటం కష్టం కాదు. అత్త కూడా దానికోసమే చూస్తోంది, కోడలు ఎప్పుడు లేచి కొడుకు వీపు నిమురుతుందా అని. బిడ్డను చంపిన తప్పును మోయలేక అతను ఏడిస్తే, ఆ ఏడుపును కూడా తనే మోయాలి. పొన్నమ్మకు ఇంక మోయలేననిపించింది. కంచం తీసి కడిగి బోర్లించి, కోకిల పక్కన పోయి పడుకుంది.

రెండు రోజులాగి మళ్లీ వేలూరు వెళ్లింది. ఈసారి వండిపెట్టి పోలేదు. తాయమ్మను తోడు తీసుకుని షెడ్డు మంట సంగతి విచారిస్తున్న సర్కారు ఆఫీసులో గుమాస్తా శివప్రకాశం ముందు నిలబడింది. అతను తెలుగువాడే. ఆఫీసరు కర్నూలుకు మారిపోతున్నాడని, ఈ వారంలో కేసు మూసేస్తున్నారని చెప్పాడు. ఆమె బతిమాలితే ఫైలు తీసి, తమిళంలో ఉన్న కాగితాన్ని తెలుగులో చెప్పాడు.

"నా కూతురు ఆ కంపెనీలో పనిచేసే పిల్ల కాదు. తండ్రికి అన్నం తీసుకొని పోయింది. తలుపు తెరిచే ఉండింది. నాకు ఎవరి మీదా అనుమానం లేదు."

కింద ఆమె బొటనవేలి ముద్ర.

పొన్నమ్మ ఆ ముద్రను చూస్తూ నిలబడింది. "ఏలు నాదే సామీ" అన్నది. "మాటలు నావి కావు."

శివప్రకాశం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు మార్చి చెప్తే ఇంట్లో నీకే కష్టమమ్మా. బాగా యోచన చేసుకో."

"మూడు నెల్లుగా చేస్తానే ఉండా. రాయి."

అతను కొత్త కాగితం తీశాడు. పిల్ల వయసు, ఎన్నాళ్లుగా పనిచేస్తోంది, బీగం ఎందుకు వేస్తారు, ఎవరు వేయమన్నారు, ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు.

"బీగం వేసింది ఎవరు? పేరు చెప్పమ్మా."

పెళ్లయిన నాటి నుంచి పొన్నమ్మ మొగుడి పేరు పలకలేదు. ఆలి పలికితే మొగుడి ఆయుస్సు తగ్గుతుందని పాపాతి మొదటిరోజే చెప్పింది. గుళ్లో దేవుణ్ణి కూడా ఆ పేరుతో పిలవకుండా పెరుమాళ్లనే మొక్కుకునేది. ఆ సంగతి తెలిసిన తాయమ్మ తను చెబుదామని ముందుకు వంగింది. పొన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నారాయణన్."

కలం గీకిన చప్పుడయింది.

"నీకు ఏమవుతాడు?"

"వల్లికి నాయన" అన్నది పొన్నమ్మ. "తలుపు కొట్టి ఆ బిడ్డ పిలిచింది ఆయన్నే. అది కూడా రాయి సామీ."