ఆసియా చదివిన చలికాలాలు

పులివెందుల శాఖా గ్రంథాలయంలో ఆసియా రోజూ ఎనిమిదింటికి తలుపు తీస్తుంది. బల్లలు తుడిచి, పేపర్లు సర్ది, చివరగా బీరువాలోంచి లావుపాటి పుస్తకమొకటి తీసి మధ్య బల్లమీద తెరిచి పెడుతుంది. నదులు గడ్డకట్టిన చలికాలాల చరిత్ర అది. సిరాబుడ్డిలో సిరా రాయిలా మారడం, ఎగిరే పిట్టలు నేలరాలడం అన్నీ అందులో ఉన్నాయి. తెరిస్తే ఆ చలి బయటికొస్తుంది.

వేసవిలో బల్ల చుట్టూ చోటు దొరకదు. మల్లెపూలమ్మే మాబున్ని తన బుట్ట పుస్తకం పక్కనే పెట్టుకుంటుంది. రాజకీయాలు మాట్లాడేవాళ్లు భోజనాల వేళదాకా కదలరు. చదివేవాడు మాత్రం ఒక్కడూ లేడు. పదకొండేళ్లుగా వాళ్లు ఆసియాతో మాట్లాడిందల్లా "ఇంకో పేజీ తిప్పమ్మా, ఇది సల్లగా ల్యా" అన్న ముక్కే. ఆ ముక్క కోసం కూడా ఆమె ఎదురుచూసేది. ఇంటికెళ్తే అదీ లేదు మరి.

తెరిచి పెడితే ఆ చలి తరగదు. పైకి చదివితే మాత్రం పేజీలో ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చేసి, తర్వాత అది ఉత్త కాగితం. ఒకరోజు పొద్దుట్నుంచి ఎవరూ పలకరించక, తన గొంతు తానైనా విందామని ఆసియా రెండు పేజీలు చదివింది. అప్పుడు తెలిసింది.

డిసెంబరులో ఓబుళరెడ్డి వచ్చాడు. ఊరి బయట తన బత్తాయి తోటలోనే కొట్టంలో ఒక్కడే ఉంటాడు.

"ఆసియమ్మా, ఆ సలి పుస్తకం ఒక దినం ఇస్తావా?"

"ఏంటికి మామా?"

"చీనీ చెట్లకు. పూత కోసరం నీళ్లాపి నెలన్నరాయ. ఆకు ముడుచుకునింది గానీ మొగ్గ ల్యా. సలి యాడ పడతాంది? రెండేండ్ల నుంచి ఇంతే. సోమారం జేసీబీ వస్తాది. పెరికేసి అరటి పెట్టాల."

"ఎన్ని చెట్లు?"

"నాలుగు నూర్లు. పద్నాలుగేండ్లు సాకినా. నేను మాట్లాడేదే వాటితో."

ఊరికే తెరిచి పెడితే ఒక్క చెట్టుకు సరిపోతుంది. తోటంతటికీ కావాలంటే పుస్తకమంతా పైకి చదవాలి. చదివేస్తే ఏప్రిల్లో తన దగ్గరికి ఎవరొస్తారు? ఆసియా రెండు రోజులు సరిగా నిద్రపోలేదు.

శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. పొద్దున్నే ఆటోలో తోటకు పోయి, మొదటి వరసలో నిలబడి చదవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఆకుల మీద తెల్లటి మంచు పేరుకుంది. బోరు పైపు కొనన కారే చుక్క కారుతూనే గడ్డకట్టింది. ఓబుళరెడ్డి ఆమె భుజాన కంబళి జారకుండా సర్దుతూ, టీ పోసిస్తూ, పెదవులు నీలమై వెంట తిరిగాడు.

పొద్దు వాలేసరికి ఒక్క వరస, ఒక్క పేజీ మిగిలాయి. ఈ ఒక్కటైనా దాచుకుంటే మాబున్ని బుట్టకైనా సరిపోతుందనుకుంది ఆసియా. ఓబుళరెడ్డి కంబళి మళ్లీ సర్దాడు. ఆ వరసలో చెట్ల కేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె చదివేసింది.

సోమవారం జేసీబీ వచ్చి ఊరికే తిరిగిపోయింది. నీళ్లు పెట్టిన మూడు వారాలకు పూత వాసన బస్టాండు దాకా వచ్చింది.

ఏప్రిల్ వచ్చింది. నలభైనాలుగు డిగ్రీలు. జనం వచ్చారు, పుస్తకం మీద చెయ్యి పెట్టారు, "ఏందమ్మా, దీని సలి యాడికి పాయ?" అన్నారు. అయిపోయిందని చెప్తే లేచిపోయారు. మాబున్ని బుట్ట ఐసు అంగడికి మారింది. నెల సగానికొచ్చేసరికి రిజిస్టరులో ఒక్క సంతకం లేదు. అయినా ఆసియా రోజూ ఆ పుస్తకం తెరిచి పెడుతూనే ఉంది.

ఒక మిట్టమధ్యాహ్నం ఓబుళరెడ్డి వచ్చి, గోలీలంత పిందెలున్న చీనీ కొమ్మ బల్లమీద పెట్టి కూర్చున్నాడు.

"సలి అయిపాయ మామా," అంది ఆసియా, అలవాటుగా.

"సలికి రాల్యా మ్మా. ఆ దినం కంబళి సర్దేదానికే నాకు సరిపాయ. కత సరిగా ఇన్ల్యా. నది గడ్డకడితే దానిమీద అంగళ్లు పెట్టినారంటివే, కరిగినాక వాళ్లేమైరి? మల్లా సదువు."

ఆసియా తన కుర్చీ అతని పక్కకు జరుపుకుంది. తర్వాత మొదటి పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టింది. ఇద్దరికీ చెమటలు కారుతూనే ఉన్నాయి.