కళ్ళు మూసుకున్న సరస్వతి

మా అత్త వెంకటసుబ్బమ్మ నవరాత్రికి బొమ్మల కొలువు పెడితే, హోసూరు అంగడి వీధి ఆడవాళ్ళంతా నా పాట కోసమే వచ్చేవాళ్ళు. గొప్పకు చెప్పడం లేదు, అది నిజం. కోలారులో పాట నేర్చుకుని ఈ బట్టలకొట్టు ఇంటికి పెద్దకోడలిగా వచ్చినదాన్ని. ఎనభై ఒకటిలో మత్తూరు నుంచి కోమల చిన్నకోడలిగా వచ్చింది. దానికి పాట రాదు. ముగ్గు వచ్చు.

ఆ ఏడు కొలువు మొదటి సాయంత్రమే, "అక్కా, నువ్వు పాడతా ఉంటే దానికి తగినట్టు నేను ఈడ రంగులు వేస్తాను. చేసి చూస్తామా?" అంది. అత్తకు కొత్త కోడలు ఏం చేసినా ముద్దే. నేను రాగం సాగదీస్తే దాని వేళ్ళ నుంచి గీత సాగేది. స్వరాలు పాడితే చుక్కలు రాలేవి. పాట ముగిసేసరికి నేల మీద నెమలో, తామర కొలనో తయారయ్యేది. జనం "అబ్బా!" అనేవాళ్ళు, నేలను చూసి! గొంతు చించుకునేది నేను, మెప్పు రంగుపిండికి. రెండో రోజు నుంచి ఆడవాళ్ళు నాకు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టారు. నా కడుపు మండింది. దాచడం ఎందుకు, ఇప్పటికీ మండుతూనే ఉంది.

సరస్వతి పూజనాడు కృష్ణగిరి నుంచి వరదప్ప వచ్చాడు. అక్కడి వర్తకుల సంఘం తరఫున ఏటా కచేరీ పెట్టించేది ఆయనే. నా పాట నచ్చితే వచ్చే ఏడు వేదిక ఎక్కిస్తాడు. కొలువు ముందు చాప దాటి ఒక్కసారైనా వేదిక మీద కూర్చోవాలని పెళ్ళయినప్పటి నుంచి నా ఆశ. ఆ ఒక్క సాయంత్రమైనా జనం నన్ను వినాలి.

కోమల సరస్వతిని వేయసాగింది. చీర వచ్చింది, వీణ వచ్చింది, మొహం వచ్చింది. కళ్ళు మిగిలాయి. మా వైపు ఏ దేవత బొమ్మకైనా కళ్ళు చివరనే దిద్దుతారు. దిద్దకుండా వదిలేస్తే అపశకునం. హారతి వెలిగాక మాత్రం ముగ్గు మీద చెయ్యి పెట్టకూడదు. ఈ రెండూ నాకు బాగా తెలుసు.

కల్యాణిలో ఇంకా స్వరాలు పాడాల్సి ఉండగానే మంగళం ఎత్తుకున్నాను.

మంగళం వినపడ్డాక ఇక ఎవరు ఆగుతారు? ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. అత్త కర్పూరం పళ్ళెం అందుకుంది. కోమల తలెత్తి నన్ను ఒకసారి చూసింది. దాని చేతిలో తెల్లపిండి ఉంది. ఆ కళ్ళు తీర్చాలంటే ఇంకా చాలాసేపు పడుతుంది. నేను గొంతు పెంచాను.

అత్త అగ్గిపుల్ల గీసింది. కోమల తెల్లపిండి వదిలేసి నల్లపిండి చిటికెడు తీసుకుంది. వంపుగా రెండే గీతలు గీసి చెయ్యి వెనక్కి తీసుకుంది. కర్పూరం వెలిగింది.

సరస్వతి కళ్ళు మూసుకుని ఉంది.

"చూడండమ్మా!" అత్త చెంపలు వేసుకుంది. "మా మనోరమ పాటకి అమ్మవారే కండ్లు మూసుకొని వింటా ఉంది!"

అందరూ నా వైపు తిరిగారు. అన్ని రోజులూ చూపిన వీపులు కావవి, మొహాలు. వరదప్ప పైపంచెతో కళ్ళొత్తుకుని, "వచ్చే యేడు కృష్ణగిరికి రావాలమ్మా" అన్నాడు. నా గుండె ఎగిరింది. అంతలోనే, "నువ్వు పాడాల, ఈ పాప వేయాల. ఇద్దరూ ఉంటేనే కచేరీ" అన్నాడు.

కోరిన వరం దక్కింది, కోమలను వెంటబెట్టుకుని.

జనం వెళ్ళిపోయాక వంటింట్లో గుగ్గిళ్ళ గిన్నెలు కడుగుతూ కోమల నా పక్కకు జరిగింది. "అక్కా, నువ్వు మంగళం ముందే ఎత్తుకున్నావని ఎవురికీ తెలవదులే. నేను చెప్పను" అంది. గొంతులో కోపం లేదు. ఎగతాళి ఉందేమోనని మొహంలోకి చూశాను. అదీ లేదు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. అదృష్టవంతురాలు. నా తోడికోడలు నవ్వను కూడా లేదు.