పల్లంలో పోసిన మట్టి

కాదే మనవరాలా, ఊరు ఎవడో ఒక్కడు కడితే రాలేదు. ముందు ఆ మాట కాగితం మీద రాసుకో. మెల్లగానే చెబుతాలే.

పడవలు నడిచే రోజుల్లో ఊరు ఏటివైపు తిరిగి ఉండేది. రైలు వచ్చాక ఏటికి వీపు చూపించి స్టేషన్ వైపు తిరిగింది. మెరక మీద మిల్లు, మిల్లు దొర మేడ. ఇటు స్టేషన్. మధ్యలో పల్లం, మొలలోతు బురద, జమ్ము. మిల్లు దొర ఊరి చరిత్ర అని ఒక పుస్తకం అచ్చు వేయించాడు. వాళ్ళ తాత గుర్రమెక్కి వచ్చి ఊరు కట్టాడట. ఆ గుర్రం బురదలో దిగబడితే పైకి లాగినవాళ్ళ సంగతి అందులో లేదు. గుర్రం బొమ్మ మాత్రం ఉంది.

మనవాళ్ళకి మెరక మీద చోటెవడిస్తాడు? ఆ పల్లాన్నే పూడ్చారు. ఇంజన్ల బొగ్గు బూడిద, బట్టీల్లో పగిలిన ఇటుక, ఏటి మట్టి. పనినుంచి ఉత్త చేతులతో ఎవరూ ఇంటికి వచ్చేవారు కాదు. కొత్త కోడలు కాపురానికి గంప నెత్తిన పెట్టుకునే వచ్చిందని మా అమ్మ ఎకసెక్కమాడేది. అలా నేల గట్టిపడింది. దానిమీదే మన ఇళ్ళు. మిల్లు లారీలు స్టేషనుకు పోయే రోడ్డూ దానిమీదే.

గట్టిపడ్డాక అది తనదని దొరకు గుర్తొచ్చింది. గోదాములు కట్టుకోవాలట. ఒక పొద్దున మనుషుల్ని పంపి మన పేట మంత్రసాని ఇంటి గోడ తోయించాడు. పొయ్యిమీద కుండ ఉడుకుతూనే ఉంది. గూడ్స్ షెడ్డుకి మూటలు మోయడానికి పోతూ నేను కళ్ళారా చూశాను. ఆవిడ ఏడవలేదు. కుండ దించి, అందులో పడ్డ మట్టిపెళ్ళలు ఏరుకుంటోంది. గోడ తోసిన వెధవల్లో కొందరికి బొడ్డు కోసింది ఆవిడే.

సాయంత్రం షెడ్డు వెనక మీటింగు. మిల్లు సంఘం పెద్దమనిషి అర్జీ పెడదామన్నాడు. పెళ్ళాం తిట్టినా అర్జీ పెట్టే రకం ఆయన. కుర్రాళ్ళు మేడమీద రాళ్ళు వేద్దామన్నారు. రాయి పడితే పోలీసులకి పండగేనని మా అన్న కసిరాడు. మాటా మాటా పెరిగి చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు మంత్రసాని లేచింది.

“వాడి తాత సంపాదించింది బురద. అది కిందే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు. పైన మట్టి మనది. మనది మనం తీసుకుని, వాడి బురద వాడికి అప్పజెప్పేద్దాం.”

ముందు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. అలా తీస్తే మన ఇళ్ళు నిలుస్తాయా అని మా అన్న అడిగాడు.

“ఇళ్ళ కింద ఎందుకురా నాయనా. రోడ్డు ఉందిగా.”

తెల్లారేసరికి పారలు, పలుగులు, గంపలు. ఆడా మగా అందరం దిగాం. తవ్వేకొద్దీ అడుగునుంచి నీళ్ళు ఊరాయి. లారీలు బారులు తీరి ఆగిపోయాయి. డ్రైవర్లు మొదట తిట్టారు. సంగతి తెలిశాక నీడన కూర్చున్నారు. ఒకడైతే పార అడిగి పుచ్చుకున్నాడు. మిల్లులో సరుకు బేళ్ళు పేరుకున్నాయి, స్టేషన్లో వ్యాగన్లు ఖాళీగా నిలబడ్డాయి. ఊరి పీక ఎక్కడుందో ఆ వేళ అందరికీ తెలిసింది.

దొర కారులో వచ్చాడు. బూట్లు పాడవుతాయని గట్టు దిగలేదు. అక్కడినుంచే ఏమిటీ పిచ్చి అని అరిచాడు.

“మీ స్థలం మీకు ఖాళీ చేసి ఇస్తున్నాం బాబూ,” అంది మంత్రసాని. “జమ్ము కూడా మళ్ళీ మొలుస్తుంది. గుర్రం తెచ్చుకోండి.”

జనం పగలబడి నవ్వారు. నవ్వు వాడికి కత్తిపోటు. పోలీసులు దిగారు. లాఠీలు విరిగాయి, తలలు పగిలాయి. మంత్రసానినీ, మా అన్ననీ, నన్నూ వ్యానెక్కించారు. వ్యాను కదులుతుంటే వెనక్కి చూశాను. మిల్లు గేటు తోసుకుని జనం వస్తున్నారు. కాలేజీ పిల్లలు వస్తున్నారు. అర్జీల పెద్దమనిషి కూడా చొక్కా చేతులు పైకి మడిచి, మేం వదిలేసిన పార ఎత్తుకున్నాడు.

ఆ దెబ్బలకి మంత్రసాని లాకప్పులోనే పోయింది. ఆవిడని మోసుకొచ్చినవాళ్ళు ఇంటికి పోలేదు, ఆ గుంట దగ్గరే దించి కూర్చున్నారు. పని ఎక్కడా నడవలేదు. ఇళ్ళ జోలికి రానని దొర సంతకం పెట్టాకే ఆవిడని లేపారు, రోడ్డు పూడ్చారు. తన దయవల్లే ఆ పేటకు చోటిచ్చానని తర్వాత వాడు మళ్ళీ అచ్చు వేయించుకున్నాడు. సిగ్గుంటేగా.

ఇక చాలు. ఇది మీ అక్కకి ఫోన్లో చదివి వినిపించు. అది ఉండే ఓడరేవు దగ్గర కూడా గుడిసెలు తీసేయమన్నారట, భయపడుతోంది. అక్కడి నేల ఎవరు పోశారో ముసలాళ్ళని అడగమను. ఒక్కతే వినడం కాదు, పేటలో వాళ్ళందరినీ కూర్చోబెట్టుకుని వినమను.