ముట్టరాని ఇనుము

గొట్టం చంకన బిగించుకొని ఇస్రాయేలు తూము తలుపు మీద ఇసుక కొడుతున్నాడు. వెనక గాలిమిషను చెవులు గింగురుమనేలా మోగుతోంది. ఇసుక తగిలినచోటల్లా ఎర్రని చిలుము లేచిపోయి, బూడిదరంగు ఇనుము బరకగా బయటపడుతోంది. బరకగానే ఉండాలి. నున్నగా ఉంటే రంగు పట్టదని, నాలుగు వానలకే పొరలు పొరలుగా ఊడుతుందని మేస్త్రి కృష్ణయ్య మొదటిరోజే చెప్పాడు. ముక్కుకూ నోటికీ కట్టుకున్న తడిగుడ్డ ఎప్పుడో ఆరి అట్టకట్టింది. ఎన్ని గుడ్డలు కడితే ఏం లాభం? ఆ దుమ్ము లోపలికి పోనే పోతుంది.

దేవరకొండ దిగువన వాగుకు సర్కారు కట్ట పోస్తున్న ఈ రెండేళ్లూ అతనికి ఇదే పని. మనిషి సగమయ్యాడు. దగ్గు వస్తే మిషను మోతలోనే దగ్గేసేవాడు, ఎవరి చెవినా పడకుండా. దగ్గేవాణ్ని మేస్త్రి మర్నాడు పనిలోకి రానివ్వడు. పని పోతే వెట్టి తప్పదు. సర్కారు పనిలో ఉన్నవాడి ఇంటి జోలికి దొర మనుషులు రారు, అదొక్కటే అతని ధీమా. అంతకుముందు అతని పెళ్లాం సాలమ్మ కోడి కూయకముందే దొర ఉండే గడీకి పోయి ఊడ్చేది, దంచేది, వాళ్లు పొమ్మన్నప్పుడే ఇల్లు చేరేది. పెళ్లయిన పదేళ్లలో తన పొయ్యి ముందు తాను నిమ్మళంగా కూచున్నది ఈ రెండేళ్లే. ఆమెకోసం ఇస్రాయేలు ఇసుక మింగాడు. మింగక ఏం చేస్తాడు పాపం!

ఇసుక కొట్టిన ఇనుమును ఎవరూ ముట్టకూడదు. చేతి చెమట అంటితే పూట తిరక్కుండానే చిలుము పడుతుంది. ఓసారి పెద్దకులం ఓవర్సీరు వేలు చాస్తే కృష్ణయ్య అడ్డం పడ్డాడు.

"జర ముట్టకుండ్రి సారూ. మైలపడ్తది."

ఇస్రాయేలు గుడ్డ చాటున నవ్వుకున్నాడు. ఊళ్లో చేదబావి గట్టు అతను ఎక్కరాదు. ఇక్కడ ఇనుము ముందు అందరి చెయ్యీ మైలే. ఇంటికెళ్లి చెబితే సాలమ్మ కూడా నవ్వింది.

"అబ్బో, గట్లయితే గా ఇనుముది ఎంత పెద్ద కులమో" అంది.

ఇవాళ ఆఖరు తలుపు. ఇది అయితే ఇంకో కట్ట పనికి తీసుకుపోతానని మేస్త్రి మాటిచ్చాడు. సగం కొట్టేసరికి మిషను ఉన్నట్టుండి ఆగిపోయింది. మోత ఆగింది గానీ దగ్గు ఆగలేదు. కట్టమీదున్నవాళ్లంతా తిరిగి చూశారు.

కృష్ణయ్య దగ్గరికొచ్చాడు. "ఎన్నాళ్ల సంది?"

"ఇయ్యాల్నే, మేస్త్రీ. ఇసుక గొంతుల వడ్డది."

"నాకు చెప్తున్నవా? రేపటి సంది రాకు."

"గట్లనకు. సాలమ్మను మల్ల గడీకి గుంజుకపోతరు."

మేస్త్రి మొహం తిప్పుకున్నాడు. చెడ్డవాడేం కాదు, అతని భయాలు అతనివి. మిషను మళ్లీ మోగింది. ఇస్రాయేలు గొట్టం ఎత్తబోయాడు. కళ్లు చీకట్లు కమ్మాయి. పడిపోకుండా ఎదురుగా ఉన్న, ఇసుక కొట్టిన ఇనుము మీద అరచెయ్యి ఆనించాడు. అలాగే జారి కూచున్నాడు, మళ్లీ లేవలేదు. కృష్ణయ్య అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి తలపాగా తీసేశాడు. ఊరికి మనిషిని పంపాడు.

తేమ దిగకముందే రంగు పడాలి. కాసేపాగి తోటి కూలీ సైదులు గొట్టం అందుకుని, చెయ్యి అంటినచోట మళ్లీ ఇసుక కొట్టాడు. దాని మీద ఎర్ర సిందూరపు రంగు పూశారు.

సాలమ్మ ఎప్పటిలాగే అంబలి ముంత నెత్తిన పెట్టుకుని వచ్చింది. కబురు తోవలోనే అందిందట. ఆమె వెనకే దొర కబుర్లు మోసే ఊరి సుంకరి ఐలేశం, పీనుగను మోయడానికి నలుగురూ వచ్చారు. ఆమె ముంతను ఇసుక కుప్ప మీద దించి, పెనిమిటి మొహం మీది దుమ్మును కొంగుతో తుడిచింది. ఎంత తుడిచినా పోలేదు.

ఐలేశం నేల చూపులు చూస్తూ అన్నాడు: "మట్టి చేసినంక, పొద్దున్నే గడీకి రమ్మన్నడు దొర."

"గింత జల్దినా?"

"రెండేండ్ల సంది రాలేదు గద. యాది పెట్టుకున్నడు."

ఆమె పీనుగ వెంట నడిచిపోయింది. పొద్దుగూకాక కూలీలు గొట్టాలు చుట్టుకుని, చేతులు కడుక్కుని ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఇసుక కుప్ప మీద, మూతికి గుడ్డ కట్టిన అంబలి ముంత అలాగే ఉంది. దాన్ని ఎవరూ ముట్టలేదు.